పద్నాలుగో వరస టోపీ

ఉత్తరాంధ్ర తీరాన గవ్వలరేవు అనే చేపలపల్లెలో సముద్రంలోకి జెట్టీ కడుతున్న రోజుల్లో, అక్కడి కాంక్రీటు యార్డులో త్రిమూర్తులు అనే మేస్త్రి ఉండేవాడు. పనిలో అతని చేతికి తిరుగులేదు గానీ, తన తప్పు తాను ఒప్పుకునే అలవాటు మాత్రం అతనికి లేదు.

స్లాబు అంచు పెచ్చులూడితే ఇసకలో ఉప్పుందనేవాడు. అచ్చు వంకరపోతే ఇనుము నాసిరకమనేవాడు. ఎవరైనా "మేస్త్రి గారూ, ఇంకోసారి చూసుకోండి" అంటే అతనికి చుర్రుమనేది. "నాకు ఒక్కసారి వింటే చాలు" అనేవాడు. పదహారేళ్ల వయసులో కోనసీమ వదిలి పనికి బయల్దేరాడు. పని నేర్చుకున్న చోట, తప్పు చేసినవాణ్ని పదిమందిలో నిలబెట్టి నవ్వేవారు. ఆ నవ్వు తన మీద ఎప్పుడూ పడకూడదని అప్పుడే గట్టిగా అనుకున్నాడు. ముప్పై ఏళ్లు గడిచినా ఆ భయం పోలేదు. బయటివాళ్లకు మాత్రం అది పొగరులా కనిపించేది.

గవ్వలరేవులో అంతవరకూ జెట్టీ లేదు. వేట నుంచి వచ్చిన పడవలు కెరటాల్లోనే ఆగేవి. ఆడవాళ్లు ఛాతీలోతు నీళ్లలోకి దిగి, చేపల గంపలు నెత్తిన పెట్టుకుని ఒడ్డుకు వచ్చేవారు. అంతకుముందు ఏడాది ఒక పడవ కెరటానికి పక్కకు తిరిగి పోలమ్మ అనే ఆవిడను కొట్టింది. ఆమె ఎడమచెయ్యి విరిగింది. అతుక్కుంది గానీ నిటారుగా అతుక్కోలేదు. ఆ తర్వాతే ప్రభుత్వం జెట్టీ మంజూరు చేసింది.

ఏటా ఏప్రిల్ పదిహేను నుంచి జూన్ పద్నాలుగు దాకా సముద్రంలో వేట నిషేధం. పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి. ఆ రెండు నెలల్లోనే సముద్రంలో పని అంతా ముగించాలని ఇంజినీరు హైమవతి నిర్ణయించింది. విన్నవాళ్లు నవ్వారు. "రెండు నెలల్లో నాలుగు స్తంభాలు కూడా లేవవమ్మా" అన్నారు ఊరి పెద్దలు.

"నీళ్లలో నిలబడి కట్టేదైతే మీరన్నది నిజమే" అంది హైమవతి. "మేము కట్టేది ఒడ్డున. సముద్రంలో పేర్చడమే."

ఆమె చెప్పినట్టే జరిగింది. దూలాలూ స్లాబులూ సంక్రాంతి వెళ్లిన వారం నుంచే యార్డులో తయారై వరసగా పేర్చి ఉన్నాయి. వేట నిషేధం మొదలైన మర్నాడే సముద్రంలో పెద్ద బల్లకట్టు మీంచి స్తంభాలు దిగ్గొట్టడం మొదలైంది. వరసకు రెండు స్తంభాల చొప్పున మొత్తం ఇరవై ఆరు వరసలు. ప్రతి వరసలోనూ ఆ రెండు స్తంభాల తలల మీద అడ్డంగా కూర్చునే కాంక్రీటు దిమ్మను పనివాళ్లు టోపీ అనేవారు. టోపీ అడుగున రెండు గుంటలుంటాయి. స్తంభాల తలలు వాటిలో దూరాలి. బల్లకట్టు మీది క్రేను టోపీలు పెట్టుకుంటూ ముందుకు పోయేది. దాని వెనకే జెట్టీ మీద నిలబడ్డ రెండో క్రేను దూలాలూ స్లాబులూ పరుచుకుంటూ వచ్చేది. రోజు రోజుకూ జెట్టీ సముద్రంలోకి సాగిపోతుంటే, మొదట నవ్వినవాళ్లే పొద్దున్నే వచ్చి నిన్నటికి ఎంత పెరిగిందో అడుగులు వేసి చూసుకునేవారు.

ఒక్క టోపీలు మాత్రం ముందుగా చేసి పెట్టడానికి వీల్లేదు. దిగ్గొట్టేటప్పుడు అలల తాకిడికి స్తంభం అనుకున్న చోటు నుంచి కాస్త జరుగుతుంది. ఎంత జరిగిందో సర్వేయరు ఖాదర్ వలీ కొలిచి, చీటీ మీద రాసి ఒడ్డుకు పంపేవాడు. ఆ చీటీ చూసి గుంటల చోటు సరిచేసి త్రిమూర్తులు టోపీ పోయించేవాడు. పోసిన టోపీ తడి గోనెపట్టాల కింద ఏడు రోజులు గట్టిపడాలి. వేట లేని రోజులు కాబట్టి ఊరి ఆడవాళ్లు యార్డులో పనికి వచ్చేవారు. గోనెపట్టాలు ఆరకుండా నీళ్లు పట్టే పని పోలమ్మది.

"చీటీ చేతికి రానిదే టోపీ పొయ్యొద్దు" అన్నది హైమవతి పెట్టిన నియమం.

మే పదో తారీకున సముద్రం పోటు మీద ఉంది. చీటీ తెచ్చే చిన్న పడవ కదలలేకపోయింది. ఖాదర్ వలీ ఫోన్ చేశాడు. అతని వెనక స్తంభాలు కొట్టే సుత్తి మోత, గాలి హోరు.

"మేస్త్రి గారూ, పద్నాలుగో వరస. దక్షిణం స్తంభం బయటికి అరవై మిల్లీమీటర్లు జరిగింది. రాసుకున్నారా?"

త్రిమూర్తులుకు ఇరవై అన్నట్టు వినిపించింది. ఇరవయ్యో, అరవయ్యో అని ఒక్క క్షణం సందేహం కలగకపోలేదు. కానీ చుట్టూ పదిమంది కూలీలున్నారు. మళ్లీ అడిగితే చెవులు సరిగా వినపడవనుకుంటారు.

"ఆఁ, రాసుకున్నాను" అని ఫోన్ పెట్టేశాడు.

మర్నాడు పొద్దున్నే టోపీ పోయించాడు. అదే రోజు మధ్యాహ్నం చీటీ వచ్చింది. అప్పటికే పోసేసిన టోపీకి చీటీ ఎందుకని, చూడకుండానే షెడ్డులో తీగకు గుచ్చేశాడు.

మూడు రోజుల తర్వాత, వారం చీటీలన్నీ తీసి ఫైలులో పెడుతుంటే పద్నాలుగో వరస చీటీ అతని కంటపడింది. ఖాదర్ వలీ గుండ్రటి చేతిరాతలో స్పష్టంగా ఉంది: అరవై.

త్రిమూర్తులు ఆ అంకె మళ్లీ చదివాడు. గుంట చుట్టూ వదిలే సందు ఇరవై ఐదు మిల్లీమీటర్లే. నలభై తేడా వస్తే స్తంభం తల గుంటలో దూరదు. షెడ్డు బయటికి వచ్చాడు. పద్నాలుగో టోపీ గోనెపట్టాల కింద నున్నగా, ఒక్క పెచ్చు కూడా లేకుండా ఉంది. పోలమ్మ దానికి నీళ్లు పడుతోంది.

"ఏటి మేస్త్రీ, అలాగ చూస్తన్నావు? దీనికేటైనా అయిందా?" అంది ఆమె.

"ఏం కాలేదు. నువ్వు నీ పని చూసుకో" అన్నాడు త్రిమూర్తులు.

చీటీ మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఆ రోజే హైమవతి దగ్గరికి పోయి చెబుదామని రెండుసార్లు ఆఫీసు గుమ్మం దాకా వెళ్లాడు. రెండుసార్లూ వెనక్కి వచ్చాడు. 'చీటీ నాకు అందనే లేదంటే సరిపోతుంది. స్తంభమే తర్వాత జరిగిందేమో అనుకుంటారు. ఎవరికి తెలుస్తుంది?' అని తనకు తాను చెప్పుకున్నాడు. అలా ఒక రోజు పోయింది, రెండు పోయాయి, ఏడు పోయాయి. ఆ ఏడు రోజులూ అతనికి అన్నం సహించలేదు.

మే ఇరవై ఒకటిన పద్నాలుగో టోపీని బల్లకట్టు మీదికి ఎక్కించారు. త్రిమూర్తులు కూడా వెంట వెళ్లాడు. పన్నెండు టన్నుల దిమ్మను క్రేను గాల్లోకి లేపి, స్తంభాల మీదికి నెమ్మదిగా దించింది. ఉత్తరం వైపు గుంట స్తంభం మీదికి వచ్చింది. దక్షిణం వైపు రాలేదు. కాంక్రీటు కాంక్రీటుకు తగిలి గరగరమంది.

"లేపు, లేపు!" అని అరిచింది హైమవతి. మళ్లీ దించారు. మళ్లీ తగిలింది.

ఆమె ఖాదర్ వలీ వైపు తిరిగింది. అతను పుస్తకం తెరిచాడు. "అరవై అని రాసుకున్నాను మేడమ్. అదే చెప్పాను, చీటీ కూడా పంపాను" అన్నాడు.

"మేస్త్రి గారూ, చీటీ అందిందా?"

"అందలేదండి. ఫోన్లో ఇరవై అనే చెప్పారు" అన్నాడు త్రిమూర్తులు. మాట తడబడకుండానే వచ్చింది. చొక్కా జేబులో చీటీ మాత్రం నిప్పులా ఉన్నట్టనిపించింది.

ఖాదర్ వలీ అతని ముఖంలోకి చూశాడు. పోట్లాడలేదు. కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, "ఆ రోజు సుత్తి మోతలో నేనే తప్పు చెప్పానేమో మేడమ్. వయసు మీద పడింది కదా" అన్నాడు.

హైమవతి అంది. "అలాగైతే మీరిచ్చిన కొలతలు ఏవీ నమ్మలేను ఖాదర్ గారూ. ఇంకా టోపీ పెట్టని వరసలన్నీ మళ్లీ కొలవాలి. రేపటి నుంచి వేరే సర్వేయరును పిలిపిస్తాను. మీరు ఇంటికి వెళ్లండి."

ఇంతలో ఊరి నుంచి పనికి వచ్చిన దాసు ముందుకు వచ్చాడు. అతను చేపలవేటలోనూ ఈతలోనూ ఆరితేరినవాడు. నీళ్లలో దిగి చేసే పనులన్నీ అతనివే.

"మేడమ్, దించిన దిమ్మ మళ్లీ ఒడ్డుకెందుకు? నేను కిందకి దిగి, ఆ స్తంభానికి గొలుసు కట్టి లోపలికి లాగిస్తాను. కొంచెం వంగితే చాలు, కూకుంటాది."

"పైన దిమ్మ వేలాడుతూ ఉంటే కిందికా? పోటు చూశావా?"

"ఎన్నిసార్లు దిగలేదు మేడమ్? ఐదు నిమిషాల పని."

హైమవతి వద్దనే లోపే దాసు నడుముకు తాడు బిగించుకుని నిచ్చెన మీదికి దిగాడు. బల్లకట్టు ఒక కెరటానికి లేచి పడింది. పైన వేలాడుతున్న టోపీ మెల్లగా ఊగింది. దాని నీడ దాసు వీపు మీదుగా అటూ ఇటూ కదిలింది.

త్రిమూర్తులు ఆ నీడను చూశాడు. ఆ దిమ్మ జారితే దాసు నలిగిపోతాడు. ముప్పై ఏళ్ల నుంచి దేనికి భయపడ్డాడో, ఈ భయం ముందు అది ఏ మూలకూ రాలేదు.

"దాసూ, ఆగు! పైకి రా!" అని గట్టిగా అరిచాడు. "ఆపండి! స్తంభం తప్పు కాదు. తప్పు నాది!"

బల్లకట్టు మీద అందరూ అతని వైపు తిరిగారు. దాసు నిచ్చెన మీదే ఆగిపోయాడు.

త్రిమూర్తులు జేబులోంచి చీటీ తీసి హైమవతి చేతిలో పెట్టాడు. "చీటీ అందింది మేడమ్. ఖాదర్ గారు అరవై అనే చెప్పారు, అరవై అనే రాశారు. నేను ఇరవై అని విన్నాను. సందేహం వచ్చినా మళ్లీ అడగలేదు. చీటీ రాకుండానే పోయించాను. వారం కిందటే తెలిసింది. చెప్పలేదు. ఇప్పుడు మీకు అబద్ధం కూడా చెప్పాను."

హైమవతి ముఖం ఎర్రబడింది. "ముందు దాసును పైకి రానివ్వండి. దిమ్మను బల్లకట్టు మీదికి దించండి" అంది. రెండూ అయ్యాకే అతని వైపు తిరిగింది.

"వారం కిందట చెప్పి ఉంటే ఎన్ని రోజులు పోయేవి?"

త్రిమూర్తులు తల వంచుకునే చెప్పాడు. "ఒక్కటి మేడమ్. మర్నాడే కొత్తది పోసేవాణ్ని. రేపటికి అది తయారై ఉండేది."

"ఇప్పుడు?"

"తొమ్మిది."

"మన దగ్గర ఉన్న వెసులుబాటు ఏడు రోజులు" అంది హైమవతి. "ఫోన్లో విని పోసినవి ఇంకేమైనా ఉన్నాయా? నిజం చెప్పండి."

పాత త్రిమూర్తులైతే లేవనేవాడు. "ఇంకో రెండున్నాయి మేడమ్. పదిహేడు, పంతొమ్మిది. వాటి చీటీలు కూడా నేను సరిచూసుకోలేదు" అన్నాడు.

ఒడ్డుకు రాగానే ఖాదర్ వలీ టేపు పట్టుకుని యార్డులోకి నడిచాడు. త్రిమూర్తులు రెండో కొస పట్టుకున్నాడు. పదిహేడో టోపీ సరిగ్గా ఉంది. పంతొమ్మిదో దానిలో ముప్పై ఐదు మిల్లీమీటర్ల తేడా ఉంది. అది ఇంకా సముద్రంలోకి వెళ్లలేదు. దాని వంతు రావడానికి పది రోజులు ఉంది. ఆ సాయంత్రమే కొత్తది పోయడానికి అచ్చు సిద్ధం చేశారు. ఆ ఒక్క తప్పుకు పనిలో ఒక్క గంట కూడా నష్టపోలేదు.

టేపు చుడుతున్న ఖాదర్ వలీ ముందు త్రిమూర్తులు నిలబడ్డాడు. "ఖాదర్ గారూ, మీ పేరు మీదికి తోసేశాను. క్షమించమని అడగడానికి కూడా నోరు రావడం లేదు."

"వారం రోజులు నోరు రాలేదు. ఇవాళ వచ్చింది కదా" అన్నాడు ఖాదర్ వలీ. కోపం పూర్తిగా పోలేదు గానీ గొంతు మెత్తబడింది. "మళ్లీ అడిగి ఉంటే మళ్లీ చెప్పేవాణ్ని కదా మేస్త్రి గారూ. నా నోరేమైనా అరిగిపోయేదా?"

మర్నాడు పద్నాలుగో వరసకు కొత్త టోపీ పోసే ముందు, త్రిమూర్తులు చీటీ చేత్తో పట్టుకుని కూలీలందరి ముందూ పైకి చదివాడు. తర్వాత ఖాదర్ వలీకి ఫోన్ చేసి అంకె చెప్పి, అవునా కాదా అని అడిగాడు. అచ్చు బిగించాక మరోసారి అడిగాడు. ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. తన మీద నవ్వితే ప్రాణం పోతుందనుకున్న త్రిమూర్తులుకు ఏమీ కాలేదు. ఆశ్చర్యంగా, అతనికి కూడా నవ్వు వచ్చింది.

బల్లకట్టు క్రేను పద్నాలుగో వరస వదిలేసి ముందుకు సాగింది. కానీ స్లాబులు పరిచే క్రేను టోపీ లేని వరస దాటి పోవడానికి వీల్లేదు కదా. అది పదమూడో వరస దగ్గర తొమ్మిది రోజులు ఊరికే నిలబడింది. ముప్పయ్యో తారీకున కొత్త టోపీ వచ్చింది. రెండు గుంటలూ రెండు స్తంభాల మీద, చేత్తో పెట్టినంత మెత్తగా కూర్చున్నాయి. అక్కడి నుంచి పని ఉరకలేసింది. స్లాబు మీద స్లాబు, దూలం పక్కన దూలం. అయినా పోయిన రోజులన్నీ తిరిగి రాలేదు. రెండు రోజులు తక్కువ పడ్డాయి.

జూన్ పదిహేనున వేట మొదలైంది. గవ్వలరేవు పడవలన్నీ తెల్లవారకముందే సముద్రంలోకి వెళ్లాయి. మధ్యాహ్నానికి తిరిగి వచ్చాయి. జెట్టీ చివర స్లాబులు ఇంకా పరుస్తున్నారు. పడవలు మళ్లీ కెరటాల్లోనే ఆగాయి. ఆడవాళ్లు మళ్లీ నీళ్లలోకి దిగారు. పోలమ్మ కూడా కుడిచేత్తో గంప పట్టుకుని దిగింది.

త్రిమూర్తులు యార్డు గట్టు మీంచి అది చూశాడు. చెప్పులు అక్కడే వదిలేసి, ప్యాంటు మడిచి, నేరుగా నీళ్లలోకి నడిచాడు. పోలమ్మ చేతిలో గంప అందుకున్నాడు.

"ఇది నీ పని కాదు బాబూ" అంది ఆమె.

"మీరు ఇవాళ నీళ్లలో దిగడం నా వల్లే పోలమ్మ గారూ. నేను ఆ రోజు చెప్పి ఉంటే మీరు జెట్టీ మీద నడిచేవారు."

పోలమ్మ ఒక కెరటం పోనిచ్చి అంది. "రెండ్రోజులే కదా. నలబై ఏళ్లబట్టి దిగుతున్నాం."

ఆమె ఓదార్చడానికే అంది. కానీ ఆ మాట అతన్ని ఏ తిట్టూ కోయనంత లోతుగా కోసింది. ఆ రెండు రోజులూ అతను చీకటితోనే యార్డు పని ముగించుకుని, పడవలు వచ్చే వేళకు నీళ్లలో ఉన్నాడు. గంపల బరువుకు మెడ పట్టేసింది. ఉప్పునీళ్లలో నాని కాళ్లు పాసాయి.

జూన్ పదిహేడున మొదటి పడవ జెట్టీకి తాడు వేసింది. కెరటాలు స్తంభాల మధ్యనుంచి పోతున్నాయి. పైన స్లాబు కదలలేదు. పోలమ్మ గంప నెత్తిన పెట్టుకుని చీర కుచ్చెళ్లు తడవకుండా ఒడ్డు దాకా నడిచి వచ్చింది. వెనక దాసు పెద్ద వంజరం చేపను భుజాన వేసుకుని వచ్చాడు. రెండు నెలల్లో నాలుగు స్తంభాలు కూడా లేవవన్న పెద్దలు జెట్టీ చివరిదాకా వెళ్లి, అక్కడి నుంచి ఊరిని చూసి వచ్చారు.

వారం తర్వాత యార్డు ఎత్తేస్తుంటే హైమవతి త్రిమూర్తులును ఆఫీసుకు పిలిచింది. ఉద్యోగం ఇంతటితో సరి అని చెప్పడానికే పిలిచిందనుకుని అతను గుమ్మంలోనే నిలబడ్డాడు.

"దక్షిణాన ఇంకో రేవులో జెట్టీ పని వచ్చింది. ముప్పై ఎనిమిది వరసలు" అంది ఆమె. "యార్డు మీకు అప్పగిస్తున్నాను. ఖాదర్ గారు కూడా వస్తున్నారు. మేస్త్రి ఎవరైతే బాగుంటుందని ఆయన్ని అడిగితే మీ పేరే చెప్పారు."

త్రిమూర్తులు తలెత్తి చూశాడు. "నా తప్పు చూసి కూడానా మేడమ్?"

"మీ తప్పు చూశాను. పంతొమ్మిదో టోపీ గురించి, ఎవరూ పట్టుకోకముందే మీరు చెప్పడం కూడా చూశాను" అంది హైమవతి. "మళ్లీ దాచారంటే మాత్రం ఆ రోజే పంపేస్తాను."

"దాచను మేడమ్" అన్నాడు త్రిమూర్తులు. గుమ్మం దాటబోయి ఆగి, వెనక్కి తిరిగి అడిగాడు. "ఎన్ని వరసలన్నారు? ఇరవై ఎనిమిదా, ముప్పై ఎనిమిదా?"

"ముప్పై ఎనిమిది" అంది హైమవతి నవ్వుతూ.

అర్థం కానిది మళ్లీ అడగడంలో చిన్నతనం లేదు. తప్పు జరిగిందని తెలిసిన రోజే చెప్పినవాడికి అది ఒక్క రోజు పనితో తీరిపోతుంది, దాచినవాడి తప్పును మాత్రం ఊరంతా మోయాల్సి వస్తుంది.